మీ కాలర్ పట్టుకుని లాగే చోట చేరండి

ప్రశ్న: నా వయసు 24. కూకట్‌పల్లిలో హాస్టల్‌లో ఉంటాను, ఉద్యోగం మాదాపూర్‌లో. వారంలో మూడు రోజులు రాత్రి పదిన్నరకు మెట్రో దిగి పావుగంట ఒంటరిగా నడవాలి. ఆత్మరక్షణకు ఏదైనా నేర్చుకుందామనుకుంటున్నాను. నాన్నగారు కరాటే అంటున్నారు, స్నేహితురాలు క్రావ్ మగా అంటోంది, హాస్టల్ పక్కనే ఉన్న జిమ్‌లో కిక్‌బాక్సింగ్ చెబుతున్నారు. కాలేజీలో ఆటల్లో కుడి మోకాలు ఒకసారి దెబ్బతింది. ఆరు నెలల్లో పనికొచ్చేది ఏది? పదకొండేళ్ల తమ్ముడు టైక్వాండో నేర్చుకుంటున్నాడు. వాడిని కూడా మార్పించాలా?

సమాధానం:

అమ్మా, నేను ముప్పై ఏళ్లకు పైగా ఈ నగరంలోనే సాధన చేస్తున్నాను. మొదటి ఆరేళ్లు కరాటే, ఆ తర్వాత జూడో, మధ్యలో రెండేళ్లు బాక్సింగ్. పద్దెనిమిదేళ్లుగా పిల్లలకూ ఆడవాళ్లకూ నేర్పుతున్నాను. ఈ ప్రశ్న అడిగేవాళ్లు చాలామంది రెండు శైలుల పేర్లు చెప్పి ఏది గొప్పదని అడిగి ఊరుకుంటారు. మీరు పదిన్నర అనీ, పావుగంట నడక అనీ కూడా రాశారు. ఆ వివరాలే నాకు ముఖ్యం. అందుకే కొంచెం పెద్దగానే రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ముందు నాకు పంతొమ్మిదేళ్లప్పుడు జరిగిన సంగతి చెప్పాలి. అప్పటికి కరాటేలో నాది బ్రౌన్ బెల్టు, అంటే బ్లాక్ బెల్టుకు ముందు మెట్టు. తెల్లవారుజామున ఐదింటికి మలక్‌పేటలో ఒక బడి ఆవరణలో సాధన చేసేవాళ్లం. జ్వరం వచ్చినా మానేవాడిని కాదు. కటాలు, అంటే ఒంటరిగా వరసగా చేసే కరాటే కదలికలు, కళ్లు మూసుకుని చేయగలిగేవాడిని. ఒక రాత్రి కోఠీలో ఆఖరి బస్సు కోసం నిలబడి ఉంటే ఇద్దరు మనుషులు వచ్చి చేతి గడియారం ఇమ్మన్నారు. నేను ఒక అడుగు వెనక్కి వేసి చేతులు ఎత్తేలోపే ఒకడు నా చొక్కా కాలర్ పట్టుకుని తనవైపు లాగేశాడు. అంతటితో నాకు తెలిసినదంతా ఆగిపోయింది. నేను నేర్చుకున్న గుద్దుకు చేతి పొడవంత దూరం కావాలి, తన్నుకు అంతకంటే ఎక్కువ కావాలి. వాడి ఊపిరి నా ముఖానికి తగులుతోంది. గడియారం పోయింది, పెదవి చిట్లింది.

ఇంటికి నడుస్తూ ఒక్కటే ఆలోచించాను. ఆరేళ్లలో ఒక్కరోజు కూడా నా కాలర్ ఎవరూ పట్టుకోలేదు. మా మాస్టర్‌ను నేను తప్పుపట్టను. ఒంట్లో బలం, వేళకు లేవడం, పెద్దల ముందు తగ్గి ఉండటం ఆయన దగ్గరే అబ్బాయి. కానీ మా తరగతిలో ఎదుటి కుర్రాడు ఒక గుద్దు విసిరి చేయి అలాగే చాచి నిలబడేవాడు. మేము దాన్ని అడ్డుకుని నాలుగు దెబ్బలు వేసేవాళ్లం. బయట ఎవరూ చేయి చాచి అలా నిలబడరు.

కొన్ని నెలల తర్వాత ఒక మిత్రుడు జూడో చూద్దువు రమ్మని తీసుకెళ్లాడు. నాకంటే పది కిలోలు తక్కువ బరువున్న కుర్రాడు నన్ను పది నిమిషాల్లో ఎన్నిసార్లు పడేశాడో లెక్క తప్పింది. ప్రతిసారీ నా కాలర్ పట్టుకునే మొదలుపెట్టాడు. మర్నాడే వెళ్లి చేరాను.

అప్పటి నుంచి నా దగ్గర ఒకటే కొలత ఉంది. ఆ తరగతిలో, మిమ్మల్ని నిజంగా అడ్డుకోవాలని చూసే మనిషి మీద మీరు వారం వారం సాధన చేస్తారా? చేస్తే దాని పేరు ఏదైనా సరే పనికొస్తుంది. చేయకపోతే ఎంత గొప్ప పేరున్నా మీ పదిన్నర నడకకు అక్కరకు రాదు.

ఇది నేను కనిపెట్టిన మాట కాదు. 1882లో జపాన్‌లో జిగోరో కానో జూడోకు పునాది వేసినప్పుడు చేసిన ముఖ్యమైన పని ఇదే. కానో ఒడ్డూ పొడవూ లేని మనిషి. చదువుకునే రోజుల్లో బలిష్ఠులైన పిల్లల చేతిలో బాధలు పడి, జపాన్ పాత పోరు విద్య అయిన జుజుత్సు నేర్చుకున్నాడు. పాత జుజుత్సులో వేళ్లు విరవడం, సున్నితమైన చోట్ల పొడవడం లాంటివి ఎన్నో ఉండేవి. వాటిని తోటి విద్యార్థి మీద పూర్తి బలంతో చేసి చూడటం కుదరదు. చేస్తే మర్నాటికి సాధనకు తోడు ఎవరూ మిగలరు. కానో అలాంటి ప్రమాదకరమైన వాటిని పోటీ సాధన నుంచి పక్కకు తీసి, మిగిలిన వాటిని పూర్తి బలంతో, ఎదుటివాడు కూడా గెలవాలని చూస్తూ ఉండగా చేయించాడు. దాన్ని రాండోరి అంటారు. చేసి చూడని వంద ప్రాణాంతకమైన దెబ్బల కంటే, వెయ్యిసార్లు నిజంగా వేసిన ఒక్క పట్టు ఎక్కువ పని చేస్తుంది. కాబట్టి ఏ మాస్టరైనా మీతో ‘మా విద్య చాలా ప్రమాదకరం, అందుకే స్పారింగ్ (ఇద్దరు నిజంగా తలపడే సాధన) పెట్టం’ అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

మన దగ్గరా ఇది ఉన్నదే. పాతబస్తీ తాలింఖానాల్లోనూ (కసరత్తు శాలల్లోనూ) ఊళ్లలోని కుస్తీ గోదాల్లోనూ వస్తాదులు చేయించింది ఇదే కదా. మట్టిలోకి దిగిన మొదటి రోజు నుంచీ ఎదురుగా ఒక మనిషి ఉంటాడు, వాడు మిమ్మల్ని ఊరికే గెలవనివ్వడు. ఆడపిల్లలకు ఆ తలుపులు పెద్దగా తెరుచుకోకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇక మీ పరిస్థితికి వద్దాం. నడిచి వెళ్లే ఆడమనిషి విషయంలో అవతలివాడు బాక్సర్‌లాగా ఎదురుగా నిలబడి గుద్దులాడడు. చేయి పట్టుకుంటాడు, బ్యాగు లాగుతాడు, భుజం మీదో జుట్టు మీదో చేయి వేస్తాడు, గోడకు నెడతాడు. అన్నింటికీ మొదలు పట్టు. అందుకే నా మొదటి సలహా పట్టుకుని చేసే విద్య. అంటే జూడో, లేదా బ్రెజిలియన్ జుజుత్సు. ఈ రెండోది జూడోకు తోబుట్టువే. కానో పెట్టిన జూడో బడి కోడోకాన్‌లో నేర్చుకున్న మిత్సుయో మయెదా బ్రెజిల్ వెళ్లి నేర్పితే గ్రేసీ కుటుంబం దాన్ని నేల మీద జరిగే పోరుగా పెంచింది. 1993 నవంబరులో అమెరికాలోని డెన్వర్‌లో, వేర్వేరు విద్యలవాళ్లు ఒకరితో ఒకరు తలపడే యూఎఫ్‌సీ మొదటి పోటీలో రాయిస్ గ్రేసీ అనే సన్నటి మనిషి తనకంటే బరువైన వాళ్లను ఒకే రాత్రి వరసగా ఓడించాక ప్రపంచం దానివైపు తిరిగింది. మెడ పక్కనున్న రక్తనాళాల మీద సరిగ్గా ఒత్తిడి పడితే ఎంత బలమైన మనిషైనా కొన్ని సెకన్లలోనే స్పృహ తప్పుతాడు. బలం తక్కువ ఉన్నవాళ్లకు ఆ విద్య ఇచ్చే ధైర్యం అది. ఆడవాళ్లకు ఇంకో మేలు కూడా ఉంది. తనకంటే బరువైన మనిషి మీద పడినప్పుడు ఊపిరి ఎలా నిలబెట్టుకోవాలి, మోకాలూ మోచేయీ మధ్యలో ఎలా దూర్చాలి, ఎలా లేచి బయటపడాలి అన్నది అక్కడ రోజూ చేసే పని. రోజూ చేసిన పనికి భయం తగ్గుతుంది. కానీ రోడ్డు మీద నేలపై పోరుకు దిగకండి. రెండోవాడు వస్తే కిందున్న మనిషికి దిక్కుండదు. అక్కడ నేర్చుకున్నదాన్ని లేచి పరుగెత్తడానికే వాడండి.

జూడోలో మొదటి నెల దాదాపు అంతా పడటమే నేర్పుతారు. చాలామందికి అప్పుడే విసుగు వస్తుంది. దయచేసి ఆ నెల దాటండి. మన ఊళ్లో బండి మీద వచ్చి మెడలో గొలుసో భుజం మీది బ్యాగో లాక్కుపోయినప్పుడు ఆడవాళ్లకు తగిలే పెద్ద దెబ్బలు ఎక్కువగా దొంగ కొట్టినవి కావు, రోడ్డు మీద పడటం వల్ల తగిలినవి. గడ్డం ఛాతీకి ఆన్చి, తల నేలకు తగలకుండా, భుజం మీదుగా దొర్లి పడటం ఒంటికి అలవాటైతే అది జీవితాంతం ఉంటుంది. నాకు నలభై ఎనిమిదేళ్లప్పుడు వానలో స్కూటర్ జారింది. మోచేతికి చర్మం లేచింది, అంతే. నేను ఏమీ ఆలోచించలేదు, ఒళ్లే పడింది.

చేయి విడిపించుకోవడం గురించి ఒక మాట. పట్టులో బలహీనమైన చోటు బొటనవేలి వైపు ఉంటుందనీ, అటు తిప్పి లాగాలనీ ఫోనులో వీడియోలు చూపిస్తాయి. అది నిజమే. కానీ ఆ వీడియోల్లో పట్టుకున్నవాడు కదలకుండా నిలబడతాడు. నిజంగా పట్టుకున్నవాడు మిమ్మల్ని ఈడుస్తూ ఉంటాడు, మీ కాళ్ల కింద నేల ఉండదు. ముందు కాళ్లు నిలదొక్కుకుని నడుము తిప్పగలిగితేనే చేయి వస్తుంది. ఆ నిలదొక్కుకోవడమే జూడో. నా దగ్గర ఒక నర్సు ఎనిమిది నెలలు నేర్చుకుంది. రాత్రి డ్యూటీకి వెళ్తుంటే ఒకడు మణికట్టు పట్టుకున్నాడు. ‘సార్, నేను వాడిని పడేయలేదు, చేయి విడిపించుకుని మందుల షాపులోకి పరుగెత్తాను’ అని సిగ్గుపడుతూ చెప్పింది. నా విద్యార్థులు తెచ్చిన పతకాల కంటే ఆ మాటే నాకు ఎక్కువ.

రెండో సలహా బాక్సింగ్. దగ్గరలో జూడో గానీ బ్రెజిలియన్ జుజుత్సు గానీ లేకపోతే ఇదే మొదటిది అవుతుంది. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లోనూ 2023లోనూ ప్రపంచ ఛాంపియన్ అయ్యాక మన తల్లిదండ్రులకు ఆడపిల్ల బాక్సింగ్ అంటే బెరుకు కొంత తగ్గింది. బాక్సింగ్‌లో నేర్చుకునేవి నాలుగైదు దెబ్బలే. వాటినే వేల సార్లు కొట్టిస్తారు. కాళ్ల కదలిక వస్తుంది. అన్నింటికంటే ముఖ్యంగా ముఖం మీదికి చేయి వస్తున్నప్పుడు కళ్లు మూసుకోకుండా ఉండటం వస్తుంది. నా ఉద్దేశంలో ఆత్మరక్షణలో సగం అదే. మొదటిసారి ముఖానికి తగిలిన దెబ్బ నొప్పి కంటే దిగ్భ్రాంతి ఎక్కువ కలిగిస్తుంది. ఆ దిగ్భ్రాంతి గ్లౌజుల మధ్య, మంచి కోచ్ ముందు తీరిపోవాలి. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. అక్కడ చేతికి పట్టీ, గ్లౌజు ఉంటాయి. బయట వట్టి పిడికిలితో నుదుటి మీద గుద్దితే చిటికెన వేలి వెనక ఎముక విరగడం మామూలు. అవసరం వస్తే అరచేతి మడమతో కొట్టండి.

మీ హాస్టల్ పక్కనున్న కిక్‌బాక్సింగ్‌ను తీసిపారేయను. అసలైన కిక్‌బాక్సింగ్, థాయ్‌లాండ్ పోరు విద్య ముయే థాయ్ చాలా గట్టివి. ముయే థాయ్‌లో మెడ పట్టుకుని మోకాలితో కొట్టడం, మోచేతితో కొట్టడం దగ్గరి పోరుకు బాగా పనికొస్తాయి. కానీ మన జిమ్‌లలో ఆ పేరుతో ఎక్కువగా జరిగేది పాటలు పెట్టి బ్యాగును కొట్టడం. దానివల్ల ఒళ్లు తగ్గుతుంది, ఆరోగ్యానికి మంచిదే. బ్యాగు మాత్రం తిరిగి కొట్టదు. అక్కడ స్పారింగ్ ఉందా, మీలాంటి అమ్మాయిలు అందులో దిగుతారా అని అడగండి. ఉంది అంటే మీకు అదే సరిపోవచ్చు. ఎందుకంటే పక్కనే ఉన్న తరగతికి ఏడాది పాటు వెళ్తారు. అమీర్‌పేటలో మెట్రో మారి వెళ్లాల్సిన తరగతి ఎంత గొప్పదైనా రెండో నెలలో మానేస్తారు. ఇలా మానేసిన వాళ్లను నేను ఎంతమందినో చూశాను.

క్రావ్ మగా పుట్టుక గొప్పది. ఇప్పటి స్లొవేకియాలోని బ్రాటిస్లావాలో 1930లలో యూదుల వాడల మీద మూకలు దాడి చేస్తుంటే ఇమి లిఖ్టెన్‌ఫెల్డ్ అనే మనిషి తన మల్లయుద్ధం, బాక్సింగ్ అనుభవాన్ని వీధికి తగ్గట్టు మార్చుకున్నాడు. తర్వాత ఇజ్రాయెల్ సైన్యానికి నేర్పాడు. ముందు పరిసరాలు గమనించమంటుంది, వీలైతే పారిపొమ్మంటుంది. ఆ ఆలోచన సరైనదే. చిక్కు నేర్పేవాళ్ల దగ్గరే వస్తుంది. లిఖ్టెన్‌ఫెల్డ్ అప్పటికే ఏళ్ల తరబడి గోదాలోనూ రింగులోనూ దెబ్బలు తిన్న మనిషి. కొద్ది రోజుల శిబిరంలో సర్టిఫికెట్ తెచ్చుకున్న వాళ్లకు ఆ అనుభవం ఎక్కడి నుంచి వస్తుంది? ముఖ్యంగా కత్తిని చేతిలోంచి లాక్కోవడం ఒక ఆదివారం మధ్యాహ్నంలో నేర్పుతామనే వాళ్లను నమ్మకండి. ఇన్నేళ్ల తర్వాత కూడా కత్తి చూస్తే నేను ఫోనూ పర్సూ ఇచ్చేసి పరుగెత్తుతాను. మీరూ అదే చేయండి.

నాన్నగారు కరాటే అన్నారు కాబట్టి ఆయన మాట తీసేయకుండా చెబుతాను. కరాటే అంటే ఒకటి కాదు. మసుతత్సు ఒయామా మొదలుపెట్టిన క్యోకుషిన్‌లో ఒంటి మీద పూర్తి బలంతో కొట్టుకుంటారు. చేత్తో ముఖం మీద కొట్టడం మాత్రం ఉండదు. షోటోకాన్ లాంటి వాటిలో పాయింట్ల పోటీ ఎక్కువ. అందులో దూరం అంచనా, మెరుపులాంటి మొదటి దెబ్బ బాగా వస్తాయి. నాన్నగారిని వెంటబెట్టుకుని ఒక తరగతికి వెళ్లండి. గంటలో ఎంతసేపు గాలిలో కొట్టించారో, ఎంతసేపు మనిషితో చేయించారో ఆయననే చూడమనండి. ఇన్ని నెలలకు బ్లాక్ బెల్టు ఖాయం అని రాసిన బోర్డు కనబడితే లోపలికి వెళ్లే పనే లేదు.

కుంగ్‌ఫూ, ఐకిడో, కలరిపయట్టు, మన కర్రసాము నాకు ఇష్టమైన విద్యలే. తీరిక ఉంటే నేర్చుకోండి. మీరు అడిగిన అవసరానికి మాత్రం వాటిని సూచించను.

తమ్ముడిని మార్పించకండి. పదకొండేళ్లకు కాళ్లలో ఆ చురుకు, రోజూ వెళ్లాలన్న ఉత్సాహం ఉంటే అంతకంటే ఏం కావాలి? రెండేళ్లు పోయాక వారానికి రెండు రోజులు జూడో కలపండి. బిగుతు ప్యాంటుతో తడి రోడ్డు మీద టైక్వాండోలో లాగా తల ఎత్తుకు తన్నడం కుదరదని వాడికే అర్థమవుతుంది.

తరగతిని ఎంచుకోవడానికి వెళ్లినప్పుడు డబ్బు కట్టకుండా ఒక గంట పక్కన కూర్చుని చూడనిమ్మనండి. వద్దంటే అక్కడితో సరి. కూర్చున్నాక మాస్టర్‌ను చూడకండి, ఆరు నెలల క్రితం చేరిన వాళ్లను చూడండి. ఎదుటి మనిషి అడ్డుకుంటుంటే వాళ్లకు ఏమైనా కుదురుతోందా? చేత్తో తట్టి ఓటమి ఒప్పుకోగానే పట్టు వదులుతున్నారా? బలవంతుడు కొత్తగా వచ్చిన అమ్మాయి దగ్గర తన బలం తగ్గించుకుంటున్నాడా? ఈ చివరిది నాకు చాలా ముఖ్యం. తగ్గించుకోలేని వాళ్లున్న చోట మొదటి నెలలోనే గాయమవుతుంది. అక్కడున్న అమ్మాయిలతో మాస్టర్ లేనప్పుడు మాట్లాడండి. పట్టుకుని చేసే విద్యలో ఒళ్లు ఒంటికి తగలక తప్పదు కాబట్టి ఎవరి ప్రవర్తనైనా ఇబ్బంది కలిగిస్తే అక్కడ ఎవరికి చెప్పుకుంటారో నేరుగా అడగండి. జవాబు తడబడితే వేరే చోటు చూసుకోండి. ఫీజు భారమైతే ఎల్బీ స్టేడియం వంటి ప్రభుత్వ క్రీడా ప్రాంగణాల్లో బాక్సింగ్, జూడో శిక్షణ గురించి విచారించండి.

ఆరు నెలలు అన్నారు. వారానికి మూడు రోజులు వెళ్తే ఆరు నెలల్లో మీకు వచ్చేది ఇది. పడితే తల కాచుకుంటారు. ఎవరైనా పట్టుకుంటే కొయ్యబారిపోరు, ఊపిరి బిగబట్టరు. ఒకటి రెండు పట్లు ఒళ్లు మరవకుండా చేస్తుంది. బరువైన మగవాడిని ఓడించడం రాదు. అది రెండేళ్లకు కూడా ఖాయంగా వస్తుందని చెప్పలేను. మీకు కావలసినవి మూడు నాలుగు సెకన్లు, పరుగు తీయడానికి. వాటికి ఆరు నెలలు చాలు.

ఆ పావుగంట నడక గురించి ఏ తరగతిలోనూ చెప్పరు, నేను చెబుతాను. రెండు నిమిషాలు ఎక్కువైనా షాపులు తెరిచి ఉండే దారిలో వెళ్లండి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. ఎవరైనా వెనక వస్తున్నారని అనుమానం వస్తే ఆగి, తిరిగి, ముఖంలోకి సూటిగా చూడండి. చాలామంది అక్కడే వెనక్కి తగ్గుతారు. అరవడం కూడా సాధన చేయవలసిందే. భయంలో గొంతు రాదు. నా తరగతిలో ప్రతి శనివారం అరిపిస్తాను. ఊరికే కాపాడండి అని అరిస్తే ఎవరి పని వాళ్లు చేసుకుంటారు. ‘నీలం చొక్కా అన్నా, ఇటు రండి’ అని ఒక మనిషిని చూపిస్తూ అరిస్తే ఆ మనిషి కదులుతాడు. పెప్పర్ స్ప్రే ఉంటే బ్యాగు అడుగున కాదు, చేతిలో ఉండాలి. 112 ఎలాగూ ఉంది. ఒకే మనిషి పదే పదే వెంట పడుతుంటే, ఆడవాళ్ల భద్రత కోసం 2014 అక్టోబరులో మొదలైన షీ టీమ్స్ పోలీసు బృందాలకు మొదటి వారంలోనే చెప్పండి. 2024 మార్చిలో తెలంగాణ పోలీసులు తెచ్చిన టీ-సేఫ్‌తో మీ ప్రయాణాన్ని దూరం నుంచి గమనిస్తుంటారు, దాన్నీ వాడండి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. మిమ్మల్ని మీరు కాపాడుకోవడం నేరం కాదు. అయితే అవసరానికి మించి హాని చేయకూడదని 37వ సెక్షన్ చెబుతుంది. పట్టు విడిపించుకునే ప్రయత్నంలో వాడి ముక్కు పగిలినా మీకు రక్షణ ఉంటుంది. వాడు పడిపోయి లేవలేకపోతున్నప్పుడు తిరిగి వచ్చి తన్నితే ఆ రక్షణ ఉండదు. అందుకే తరగతిలో కూడా, పట్టు వదిలాక ఒక్క దెబ్బా ఎక్కువ వేయనివ్వను.

ఈ శనివారమే రెండు తరగతులు చూడండి. హాస్టల్ పక్కది ఒకటి, జూడో గానీ బ్రెజిలియన్ జుజుత్సు గానీ దగ్గరలో దొరికినది ఒకటి. చేరే రోజున గోళ్లు కత్తిరించుకుని, చెవిపోగులు తీసేసి వెళ్లండి. ఆ మోకాలి సంగతి స్పారింగ్ మొదలు కాకముందే మాస్టర్‌కు చెప్పండి. మొదటి మూడు నెలలు మోకాలు మెలిపడే త్రోలు, అంటే పడేసే పట్లు, మీ మీద వేయవద్దని అడగండి. మంచి మాస్టర్ అయితే మీరు అడగకముందే మీ కాలు పట్టుకుని చూస్తారు.